బడి వదిలే వేళకీ, అమ్మానాన్న ఇల్లు చేరే వేళకీ మధ్య

ఈసారి వచ్చిన ఉత్తరాలన్నీ ఒక్క సమస్య చుట్టూనే ఉన్నాయి: బడి వదిలాక పిల్లల్ని ఎక్కడ ఉంచాలి, ఏ క్లాసులో చేర్చాలి? ఇవి రెండు వేర్వేరు అవసరాలు. ‘క్లాసు ఉందిగా, ఆ గంటన్నర గడిచిపోతుంది’ అని రెండింటినీ కలిపేస్తే ఏదీ కుదరదు. బిడ్డ ఎవరి చేతిలో ఉంటుందో ముందు తేలాలి. ఏం నేర్చుకుంటుందన్నది ఆ తర్వాతి మాట.

ప్రశ్న: మా పాపకు అయిదేళ్లు, యూకేజీ. బడి రెండింటికి వదులుతారు. మేమిద్దరం హైటెక్ సిటీ నుంచి ఇల్లు చేరేసరికి ఏడవుతుంది. ఇన్నాళ్లూ అత్తయ్యగారు చూసుకున్నారు, వచ్చే నెల ఊరెళ్లిపోతున్నారు. బడి పక్కన వ్యాన్‌తో సహా ఒక డేకేర్ ఉంది. మా అపార్ట్‌మెంట్ పక్క వీధిలో ఇంకొకటి ఉంది. మా బ్లాకులోనే ఒకావిడ ఇంట్లో నలుగురు పిల్లల్ని చూసుకుంటున్నారు. ఏది మంచిది? డేకేర్‌ వాళ్లు ఫోనిక్స్ (అక్షరాల శబ్దాలతో ఇంగ్లిష్ చదవడం), అబాకస్ (పూసల చట్రంతో లెక్కలు) కూడా చెప్తామంటున్నారు.
– ఓ తల్లి, మియాపూర్

జవాబు: ఒక కాగితం మీద రెండు గంటల నుంచి ఏడు గంటల దాకా పాప ఎవరి చేతిలోంచి ఎవరి చేతిలోకి వెళ్తుందో వరసగా రాయండి. టీచర్, గేటు దగ్గర ఆయా, వ్యాన్ డ్రైవర్, డేకేర్ ఆయా, మీరు. పిల్లలు తప్పిపోవడం, గంటసేపు గేటు దగ్గర ఏడుస్తూ నిలబడటం లాంటివన్నీ ఈ చేతులు మారే చోటే జరుగుతాయి. ఎన్ని చేతులు తగ్గితే అంత మంచిది.

వ్యాన్ విషయంలో తరచూ జరిగే పొరపాటు ఒకటుంది. పాప గేటు దగ్గర కనిపించకపోతే ‘ఇవాళ బడికి రాలేదేమో’ అనుకుని డ్రైవర్ వెళ్లిపోతాడు. అందుకే మొదటి రోజే నియమం పెట్టండి: మీ నుంచి మెసేజ్ వస్తేనే పాప రానట్టు. మెసేజ్ లేదు, పాపా లేదు అంటే వ్యాన్ కదలకూడదు, మీకు ఫోన్ రావాలి. డేకేర్‌ వాళ్లని ఇలా అడగండి: ‘రెండున్నరకి పాప రాకపోతే మీరేం చేస్తారు?’ ‘అలా ఎప్పుడూ జరగదండీ’ అన్నారంటే వాళ్ల దగ్గర ఏ పద్ధతీ లేదన్నమాట. ‘2:35కి బడికి, 2:40కి మీకు చేస్తాం, ఈ రిజిస్టర్లో రాస్తాం’ అంటే నమ్మొచ్చు. వ్యాన్ వాళ్లదేనా, కిరాయి ఆటోనా, అందులో ఆయా ఉంటుందా, ఎంతమందిని ఎక్కిస్తారు అన్నవి కూడా అడగండి. ఆటోలో డ్రైవర్ పక్కన పిల్లల్ని కూర్చోబెట్టే చోటైతే అక్కడితో ఆపేయండి. పాపను ఎవరెవరికి అప్పగించవచ్చో ఫొటోలతో సహా రాసి బడిలోనూ డేకేర్‌లోనూ ఇవ్వండి. ఇంట్లో ఒక రహస్య మాట అనుకోండి. ఆ మాట చెప్పనివాళ్లు ‘అమ్మ పంపింది’ అన్నా వెళ్లకూడదని పాపకు నేర్పండి.

డేకేర్ చూడ్డానికి ఉదయం పదకొండుకి వెళ్లకండి. అప్పుడు ఏ డేకేర్ అయినా ముచ్చటగానే ఉంటుంది. సాయంత్రం అయిదున్నరకు, చెప్పకుండా వెళ్లండి. ఆయాలు అలిసిపోయి ఉంటారు, పిల్లలు చిరాకు మీద ఉంటారు, సగంమంది సిబ్బంది ఇళ్లకు వెళ్లిపోయి ఉంటారు. మీ పాప రోజూ గడపబోయేది ఆ గంటల్నే. పిల్లల్ని లెక్కపెట్టండి. తర్వాత పెద్దవాళ్లని లెక్కపెట్టండి, వంటమనిషినీ రిసెప్షన్‌లో కూర్చున్నావిడనీ వదిలేసి. కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 2018లో క్రెష్‌లకు, అంటే పసిపిల్లల సంరక్షణ కేంద్రాలకు ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం మూడేళ్లలోపు పిల్లలు పదిమందికి ఒకరు, ఆపై వయసు వాళ్లు ఇరవైమందికి ఒకరు చూసుకునేవాళ్లుండాలి, ఒక్కో బిడ్డకు కనీసం 10–12 చదరపు అడుగుల చోటుండాలి. ఇది కనీసపు లెక్క. అయిదేళ్ల పిల్లలకు పన్నెండు మందికి ఒకరుంటే బాగుందనుకోవచ్చు.

టీవీ ఆన్‌లో ఉంటే ఎప్పట్నుంచి ఉందో పిల్లల్నే అడగండి, వాళ్లు నిజం చెప్తారు. బాత్రూమ్ తలుపు తెరిచి చూడండి. నేల పొడిగా ఉందా, మగ్గు పిల్లలకు అందుతుందా, లోపలి గడియ తీసేశారా? బాత్రూమ్‌కి ఎవరు తీసుకెళ్తారన్నది సూటిగా అడగాల్సిన ప్రశ్న. దానికి పేరుతో సహా జవాబు రావాలి. సిబ్బందికి పోలీస్ వెరిఫికేషన్ అయిందా అంటే ‘అయింది’ అని సరిపెట్టనివ్వకండి, కాగితం చూపించమనండి. సీసీ కెమెరా ఉందంటే అది హాల్లో ఒక్కటేనా, పడుకునే గదిలో కూడా ఉందా, రికార్డు ఎన్ని రోజులుంటుంది? మీ పాప ఈడువాళ్లు ఎంతమంది ఉన్నారో కూడా చూడండి. మిగతావాళ్లంతా రెండేళ్లవాళ్లయితే అయిదేళ్ల పిల్ల అక్కడ చిన్న ఆయాగా మారిపోతుంది, లేదా ఒక మూల కూర్చుంటుంది.

మీ బ్లాకులో ఆవిడ సంగతి. నలుగురే పిల్లలు, ఇంటి వాతావరణం, వేడివేడి అన్నం. ఇవన్నీ నిజమైన లాభాలే. కానీ ఆవిడకు జ్వరమొస్తే? పెళ్లికి ఊరెళ్తే? ఆ రోజు మీలో ఒకరు సెలవు పెట్టాలి. ఆ ఇంట్లో ఇంకెవరుంటారు, మధ్యాహ్నం వచ్చిపోయేవాళ్లెవరు, బాల్కనీకి గ్రిల్ ఉందా అన్నవి మొహమాటపడకుండా తెలుసుకోండి. ఆవిడకు బదులుగా చూసుకునే మనిషి ఒకరు స్థిరంగా ఉంటే మా ఓటు ఆవిడకే. లేకపోతే ఇంటి దగ్గరి డేకేర్. బడి పక్కది మూడో స్థానం. ఎందుకంటే బడికి సెలవైన రోజు కూడా పాపను అంతదూరం తీసుకెళ్లి, మళ్లీ తెచ్చుకోవాలి. మీరు ట్రాఫిక్‌లో ఇరుక్కున్నప్పుడు పక్కింటివాళ్లు వెళ్లి తీసుకురాలేరు.

మార్చి మధ్యలో ఒంటిపూట బడులు మొదలవుతాయి. అప్పుడు పాప పన్నెండున్నరకే బయటికొస్తుంది. ఆ రోజుల్లో భోజనం ఎవరు పెడతారు, వ్యాన్ ముందుగా వస్తుందా, అదనంగా ఎంత? దసరా, సంక్రాంతి సెలవుల్లో డేకేర్ తెరిచే ఉంటుందా? ఇవి ఇప్పుడే రాయించుకోండి. వీటితోపాటు డిపాజిట్, మానేయాలంటే ఎన్ని రోజుల ముందు చెప్పాలి, ఆలస్యమైతే పావుగంటకు ఎంత, జ్వరమొస్తే నియమమేంటి అన్నవీ కాగితం మీద ఉండాలి. మందు వేయకుండా 24 గంటలు జ్వరం లేకపోతేనే బిడ్డను తీసుకుంటామనే డేకేర్ మంచిది. మీకు ఇబ్బందే, కానీ మిగతా పిల్లల జ్వరాలు మీ ఇంటికి రావడం తగ్గుతుంది. మీరు ఏడుకి చేరతారు కాబట్టి ఏడుకి మూసే చోటు వద్దు, ఏడున్నర దాకా ఉండేది చూడండి. రోజూ చివర మిగిలిపోయే బిడ్డకు గేటు చప్పుడైన ప్రతిసారీ గుండె జారుతుంది.

అత్తయ్యగారు ఊళ్లో ఉండగానే అలవాటు చేయండి. మొదటి రెండు రోజులు గంట, తర్వాత రెండు రోజులు రెండున్నర గంటలు, రెండో వారం అయిదింటి దాకా, మూడో వారం పూర్తిగా. వచ్చాక ‘ఏం నేర్చుకున్నావు’ అని అడిగితే ఏమీ రాదు. ‘ఎవరి పక్కన కూర్చుని తిన్నావు, బాత్రూమ్‌కి ఎవరు వచ్చారు, ఇవాళ ఎవరు ఏడ్చారు’ అని అడగండి. మొదటి పది రోజులు ఏడుపు మామూలే. మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలైనా, ఒక మనిషి పేరు చెప్పగానే బిగుసుకుపోయినా మామూలు కాదు. ఆ రోజే పంపడం ఆపండి. సాయానికి 1098 చైల్డ్ హెల్ప్‌లైన్ రాత్రీ పగలూ పనిచేస్తుంది.

మీ ఆఫీసుల్లోనూ కనుక్కోండి. 50 మంది, అంతకు మించి ఉద్యోగులున్న సంస్థలు క్రెష్ సౌకర్యం కల్పించాలన్న నిబంధన 2017 నాటి చట్ట సవరణతో వచ్చింది. చాలా కంపెనీలు సొంతంగా నడపకుండా ఏదో ఒక డేకేర్ సంస్థతో ఒప్పందం పెట్టుకుంటాయి, దాని శాఖ మీ ఇంటి దగ్గర కూడా ఉండొచ్చు. సాధారణంగా ఆరేళ్ల దాకే కాబట్టి మీకు మిగిలింది ఒక్క ఏడాదే.

ఫోనిక్స్, అబాకస్ గురించి మీరడిగారు. వాటిని చూసి డేకేర్ ఎంచుకోకండి. అయిదేళ్లకు అబాకస్ అక్కర్లేదు, ఎందుకో కింది జవాబులో ఉంది.

ప్రశ్న: మా బాబు ఒకటో తరగతి, ఆరేళ్లు. సోమ, బుధ అబాకస్, మంగళ, గురు కరాటే, శుక్రవారం హ్యాండ్‌రైటింగ్, శనివారం డ్రాయింగ్. రెండు వారాలుగా అబాకస్ అనగానే కడుపునొప్పి అంటున్నాడు. అన్నం తింటూ నిద్రపోతున్నాడు. మాన్పిస్తే ‘మానేయడం’ అలవాటవుతుందని వాళ్ల నాన్నగారి భయం.
– ఓ సోదరి, గుంటూరు

జవాబు: ముందు గడియారం లెక్క. ఆరేళ్ల బిడ్డకు రోజుకు 9 నుంచి 12 గంటల నిద్ర కావాలి. ఆరున్నరకి లేవాలంటే ఎనిమిదిన్నరకల్లా పడుకోవాలి. నాలుగింటికి ఇంటికొస్తే చేతిలో ఉన్నది నాలుగున్నర గంటలు. కాళ్లూ చేతులూ కడుక్కుని ఏదైనా తినడానికి అరగంట, స్నానం, భోజనం కలిపి గంట, బడి పని అరగంట. మిగిలింది రెండున్నర గంటలు. ముప్పావు గంట క్లాసంటే తయారవడం, వెళ్లడం, రావడం కలిపి గంటన్నర. ఇంక ఆడుకునేది గంట. మీ బాబుకు వారంలో ఆరు రోజులూ ఇదే. అన్నం ముందు నిద్రపోవడంలో వింతేముంది? 2020 నాటి కేంద్ర స్కూల్ బ్యాగ్ విధానం రెండో తరగతి దాకా హోంవర్కే వద్దంటుంది.

ఈ వయసుకు వారంలో రెండు క్లాసులు, అంటే మూడు రోజులకు మించకుండా. ఒకటి ఒళ్లు కదిలేది, ఇంకొకటి వాడికిష్టమైనది. కరాటే ఉంచండి. కాకపోతే ఎనిమిదేళ్లలోపు పిల్లల చేత తలకు తగిలేలా కొట్లాట ఆడించే మాస్టారైతే మార్చండి, బెల్టు పరీక్షల ఫీజు ఏడాదికి ఎన్నిసార్లో కూడా కనుక్కోండి. డ్రాయింగ్ బాబుకు ఇష్టమైతే ఉంచండి. హ్యాండ్‌రైటింగ్ ఆపేయండి. ఆరేళ్ల చేతిరాత బాగాలేకపోవడానికి కారణం చాలాసార్లు వేళ్లలో బలం చాలకపోవడమే. చపాతీ పిండి ఉండలు చేయించడం, కత్తెరతో కాగితం కత్తిరించడం, బట్టల క్లిప్పులు పెట్టించడం రోజూ పది నిమిషాలు చేయించండి. ఆ క్లాసులో నాలుగు గీతల పుస్తకం నింపించడం కన్నా ఇవి మేలు.

ఇక అబాకస్. పిల్లలకు నేర్పే జపాన్ పద్ధతి చట్రంలో ప్రతి పుల్ల మీదా పైన ఒక పూస, దాని విలువ అయిదు, కింద నాలుగు పూసలు, ఒక్కోటి ఒకటి. 3కి 4 కలపాలంటే కింద పూసలు చాలవు, కాబట్టి అయిదు దించి ఒకటి తీసేయాలి. దీన్ని క్లాసుల్లో ‘స్మాల్ ఫ్రెండ్స్’ అంటారు. 8కి 7 కలపాలంటే పక్క పుల్లలో పది వేసి ఇక్కడ మూడు తీయాలి, అది ‘బిగ్ ఫ్రెండ్స్’. ఏ రెండంకెలు కలిస్తే పదవుతుందో పూసలు లేకుండానే నోటికి రావాలి. రాని పిల్లాడు ఇక్కడే ఇరుక్కుంటాడు. క్లాసులో అందరూ టకటకా పూసలు జరుపుతుంటే వాడు పక్కవాడి చట్రం చూస్తాడు. కడుపునొప్పి మొదలయ్యేది అప్పుడే. ఇంకో చిక్కు కూడా ఉంది. అబాకస్‌లో కూడిక ఎడమ నుంచి కుడికి సాగుతుంది, బడిలో ఒకట్ల స్థానం నుంచి మొదలవుతుంది. బడిలో కూడిక ఇంకా కుదురుకోని పిల్లలకు రెండూ కలగాపులగమవుతాయి. ఏడెనిమిదేళ్లకు, రెండంకెల కూడిక వచ్చాక మొదలుపెడితే ఈ ఇబ్బంది ఉండదు. అప్పుడైనా రోజూ పదిహేను నిమిషాల సాధన ఇంట్లో కూర్చోబెట్టి చేయించగలిగితేనే. దానివల్ల వచ్చేది వేగం. లెక్కను చదివి కూడాలా తీసేయాలా అని తేల్చుకునే తెలివి దాంతో రాదు, అది వేరే కష్టం.

నాన్నగారి భయానికి మందుంది. ఏ క్లాసులో చేరినా ‘దసరా దాకా వెళ్దాం, అప్పుడు నువ్వే చెప్పు’ అని ముందే గడువు పెట్టండి. గడువు పూర్తిచేసి మానడం వేరు, మధ్యలో పారిపోవడం వేరు. అబాకస్ మాత్రం గడువు దాకా ఆగొద్దు, ఇప్పుడే ఆపండి.

ప్రశ్న: మిడ్ బ్రెయిన్ యాక్టివేషన్ అని రెండు రోజుల శిబిరం పెట్టారు. కళ్లకు గంతలు కట్టుకున్న పిల్లలు పుస్తకం చదివేస్తున్నారు. ఏడేళ్ల మా అమ్మాయిని చేర్చమంటారా?
– ఓ తండ్రి, కరీంనగర్

జవాబు: వద్దు. గంతకూ ముక్కుకూ మధ్య సందు ఉంటుంది, పిల్లలు అందులోంచి కిందికి చూస్తారు. తల కాస్త పైకెత్తి, పుస్తకాన్ని ముక్కు దగ్గర కిందుగా పట్టుకోవడం అందుకే. పుస్తకాన్ని నుదుటి ఎత్తులో పెట్టమనండి, లేదా గంత కింద దూదితో సందులు మూయమనండి, చదువు ఆగిపోతుంది. మధ్య మెదడు పుట్టినప్పటి నుంచీ పనిచేస్తూనే ఉంటుంది, దాన్ని ఎవరూ ‘ఆన్’ చేయక్కర్లేదు. డబ్బు పోవడం ఒక ఎత్తు, అమ్మానాన్నల ముందు అబద్ధమాడక తప్పని స్థితిలో బిడ్డను నిలబెట్టడం ఇంకో ఎత్తు.

ప్రశ్న: మా పాపకు అయిదున్నరేళ్లు. కూచిపూడి, కర్ణాటక సంగీతం రెండూ నేర్పించాలని మా అమ్మ కోరిక. ఇప్పుడే మొదలుపెట్టవచ్చా? సంగీతం ఆన్‌లైన్‌లో అయినా పర్వాలేదా?
– ఓ సోదరి, తెనాలి

జవాబు: కూచిపూడి పుట్టిన జిల్లా పక్కనే ఉండి అడిగారు కాబట్టి మంచి గురువుల కొరత మీకుండదు. ఒకేసారి రెండూ వద్దు. ఇప్పుడు ఏదైనా ఒకటి, ఏడాది గడిచాక రెండోది.

నాట్యానికి ఆరు, ఏడేళ్లు మంచి వయసు. అయిదున్నరకు చేర్చుకునే టీచర్ మొదటి ఆరు నెలలు నడకలు, తాళం చప్పట్లు, చిన్న చిన్న హస్తముద్రలతో సరిపెడితే పంపండి. మొదటి రోజు నుంచే అరమండిలో (మోకాళ్లు వంచి సగం కూర్చున్నట్టు నిలబడే భంగిమ) అరగంట నిలబెట్టే చోటికి వద్దు. అరమండిలో మోకాలు పక్కకు తెరుచుకోవాలి, ఆ తెరుపు తుంటి కీలు నుంచి రావాలి. తుంటి సహకరించని బిడ్డ పాదాలను మాత్రం పక్కకు తిప్పి, మోకాళ్లను ముందుకు వాలుస్తుంది. చూడ్డానికి మండి వేసినట్టే ఉంటుంది, నొప్పి మోకాలికొస్తుంది. మీరు చూడాల్సింది ఇంతే: మోకాలి చిప్ప, కాలి వేళ్లు ఒకే దిక్కుకు ఉన్నాయా? టీచర్ దాన్ని చేత్తో సరిచేస్తున్నారా, లేక ముందు కూర్చుని తట్టుకర్ర కొడుతున్నారా? నేల చూడండి. కాంక్రీటు మీద నేరుగా గ్రానైట్ పరిచిన నేల అదురును ఏమాత్రం పీల్చుకోదు, వారానికి రెండు రోజులు గంటసేపు పాదాలు గట్టిగా తట్టితే మడమలు చెప్తాయి. చెక్క నేల ఉంటే అదృష్టం. పలుచటి చాప జారుతుంది, అదీ మంచిది కాదు. గజ్జెలకు ఇప్పుడే తొందరలేదు. వార్షికోత్సవానికి దుస్తులు, నగలు, మేకప్ కలిపి ఎంతవుతుందో చేరేముందే అడగండి. కొన్ని చోట్ల ఆ ఒక్క రోజు ఖర్చు ఆర్నెల్ల ఫీజును మించిపోతుంది.

సంగీతంలో ముఖ్యంగా చూడాల్సింది శ్రుతి, అంటే పాటకు ఆధారంగా నిలిపే స్వరం. దాన్ని అంకెలతో చెప్తారు, అంకె పెరిగితే స్వరం ఎత్తు పెరుగుతుంది. పిల్లల గొంతు అయిదు, అయిదున్నర దగ్గర హాయిగా పలుకుతుంది. మగ గురువుల శ్రుతి ఒకటి, రెండు చుట్టూ ఉంటుంది. గుంపుగా చెప్పే క్లాసులో గురువు తన శ్రుతే పెడితే పిల్లలు కింద స్వరాలు గొణుగుతారు, పై స్వరాలు అరుస్తారు. పాప పాడేటప్పుడు కింది పంచమం వినపడాలి, పై షడ్జమం దగ్గర మెడ నరాలు ఉబ్బకూడదు. మొదటి పాఠాల వరస ఇది: మాయామాళవగౌళ రాగంలో సరళీ స్వరాలు మూడు కాలాల్లో (వేగాల్లో), జంటలు, అలంకారాలు, ఆ తర్వాత గీతాలు. ఈ వయసులో గీతాల దాకా రావడానికి ఏడాదో ఏడాదిన్నరో పట్టినా కంగారు పడొద్దు. మూడు నెలల్లో కీర్తన నేర్పామని వీడియో పెట్టే చోట సరళీలు ఎగరగొట్టారని అర్థం.

ఆన్‌లైన్‌లో ఇద్దరూ కలిసి పాడలేరు, శబ్దం ఆలస్యంగా చేరుతుంది. గురువు ఒక వరస పాడి ఆపాలి, తన మైకు ఆపుకుని పాప ఒక్కదాన్నీ పాడనివ్వాలి. శ్రుతి పాప పక్కనే మోగుతుండాలి. అలా నడిపేవారు, ఒక్కరికో ఇద్దరికో చెప్పేవారు దొరికితే సరే, కానీ ఎనిమిదేళ్లు వచ్చాక. అయిదున్నరేళ్ల బిడ్డ ఎదురుగా కూర్చుని గురువు నోరు చూస్తూ నేర్చుకోవాలి.

ప్రశ్న: మా వాడికి నాలుగున్నర. వేసవిలో ఇరవై ఒక్క రోజుల ఈత కోర్సులో వేద్దామనుకుంటున్నాం. ఈ వయసుకు మరీ తొందరా? ఏం చూసుకోవాలి?
– ఓ తండ్రి, విశాఖపట్నం

జవాబు: తొందరేం కాదు. నాలుగేళ్లకల్లా చాలామంది పిల్లలు ఈత పాఠాలకు సిద్ధంగా ఉంటారని అమెరికా పిల్లల వైద్యుల సంఘం కూడా చెబుతుంది. అయితే ఇరవై ఒక్క రోజుల్లో ఈత వచ్చేస్తుందన్న బోర్డు మీ వాడి వయసుకు వర్తించదు. ఈ మూడు వారాల్లో రావాల్సినవి: ముఖం నీళ్లలో పెట్టి ముక్కుతో బుడగలు వదలడం, వెల్లకిలా తేలడం, నీళ్లలో పడితే తిరిగి గోడ పట్టుకోవడం. ఇవి వస్తే డబ్బు దక్కినట్టే.

నీళ్లు వాడి నడుము దాటకూడదు, అంటే రెండడుగుల లోతు. నీళ్లలోనే ఉండి నేర్పే కోచ్ ఒకరికి నలుగురు పిల్లలు చాలు. గట్టు మీద విజిల్ పట్టుకుని పదిహేను మందికి నేర్పేది ఈ వయసుకు పనికిరాదు. కోచ్ కాక లైఫ్‌గార్డ్ వేరే ఉండాలి. అయినా మీలో ఒకరు ఫోన్ జేబులో పెట్టి గట్టు మీదే కూర్చోండి. నీళ్లలో మునిగే పిల్లలు కేకలు పెట్టరు. చేతులకు తొడిగే గాలి బుడగలు వాడకండి. అవి ఒంటిని నిలువుగా ఉంచుతాయి, ఈతకు కావలసింది అడ్డంగా తేలడం.

క్లోరిన్ లీటరుకు 1 నుంచి 3 మిల్లీగ్రాములు, పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార స్థాయి) 7.2–7.8 మధ్య ఉండాలి. రోజువారీ రీడింగులు రాసిన పుస్తకం చూపించమనండి. ఘాటు వాసన వస్తుంటే క్లోరిన్ ఎక్కువైందని అనుకుంటాం. నిజానికి అది చెమట, మూత్రం క్లోరిన్‌తో కలిసినప్పుడు వచ్చే వాసన. అడుగున పలకల గీతలు స్పష్టంగా కనిపించకపోతే ఆ రోజు దిగొద్దు. పొద్దున ఎనిమిదిలోపు బ్యాచ్ తీసుకోండి, మే ఎండలో తొమ్మిది దాటాక ఆరుబయట పూల్ వద్దు. బయటికొచ్చాక తల ఒక పక్కకు వంచి చెవిలో నీళ్లు దిగనిచ్చి, బయటి అంచు వరకే తువాలుతో తుడవండి. ఇయర్ బడ్స్ లోపలికి పెడితే చెవిపోటు రావచ్చు. కోర్సు అయ్యాక వాడికి ఈత వచ్చిందని రుషికొండలో దింపకండి. కెరటం లాగేది వేరే బలం.

ప్రశ్న: ఆన్‌లైన్ కోడింగ్ క్లాసులకు ఏడాది ఫీజు 48 వేలు, ‘నో కాస్ట్ ఈఎంఐ’ అంటే సరేనన్నాం. ఏడేళ్ల అబ్బాయి నెలకే మానేశాడు. డబ్బు తిరిగి ఇవ్వరట. ఈఎంఐ ఆపేయవచ్చా?
– ఓ పాఠకుడు, హనుమకొండ

జవాబు: ముందే ఆపకండి. మీరు కట్టేది ఆ క్లాసుల కంపెనీకి కాదు. మీ పేరు మీద ఒక ఫైనాన్స్ సంస్థ అప్పు ఇచ్చింది, ఆ డబ్బు కంపెనీకి చేరింది. వాయిదా ఆపితే మీ సిబిల్ స్కోరు పడిపోతుంది, ఇంటి లోను దగ్గర తగులుతుంది.

ఇవాళే కంపెనీకి ఈమెయిల్ పెట్టండి: ఏ తేదీన చేరాడు, ఎన్ని క్లాసులు జరిగాయి, ఏ తేదీ నుంచి రద్దు చేయమంటున్నారు, మిగిలిన క్లాసుల డబ్బు ఎంత. అదే మెయిల్ కాపీ ఫైనాన్స్ సంస్థకు కూడా వెళ్లాలి. ఫోన్లో మాట్లాడినవి దేనికీ పనికిరావు. ఫోన్ చేసినా, అయ్యాక ‘ఇప్పుడు మీరన్నది ఇది’ అని మెయిల్ చేయండి. డెమో రోజు ‘ఎప్పుడైనా మానేయొచ్చు’ అని వాట్సాప్‌లో రాసి ఉంటే స్క్రీన్‌షాట్ తీసి దాచండి. పదిహేను రోజుల్లో తేలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేయండి. అక్కడా కాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. చెల్లించిన మొత్తం అయిదు లక్షల లోపయితే కేసు వేయడానికి ఫీజు లేదు, లాయరు లేకుండా మీరే వాదించుకోవచ్చు. అప్పు రద్దయినట్టు ఫైనాన్స్ సంస్థ నుంచి కాగితం వచ్చాకే బ్యాంకులో ఆటో డెబిట్ ఆపించండి.

2024 జనవరిలో కేంద్రం కోచింగ్ సెంటర్లకు ఇచ్చిన మార్గదర్శకాల్లో, మధ్యలో మానేస్తే మిగిలిన కాలానికి ఫీజు పది రోజుల్లో తిరిగి ఇవ్వాలని ఉంది. కానీ అవి 50 మందికి మించి విద్యార్థులున్న చదువు కోచింగ్‌లకు. ఆటలు, నాట్యం, నాటకం, ఇతర సృజనాత్మక కార్యక్రమాలను వాటి నుంచి మినహాయించారు. 16 ఏళ్లలోపు పిల్లల్ని చేర్చుకోకూడదన్న మాట కూడా వాటిలోనే ఉంది. మూడో తరగతికే ‘ఐఐటీ ఫౌండేషన్’ అమ్మడానికి వచ్చేవాళ్లకు ఈ వాక్యం చూపించొచ్చు. ఇకముందు ఏ క్లాసైనా నెల నెలా కట్టండి. ఏడాదికి కడితే ముప్పై శాతం తగ్గింపు అంటారు. ఏడేళ్ల పిల్లాడి ఇష్టాన్ని ఏడాదికి ముందే కొనడం ఎవరివల్లా కాదు.

ప్రశ్న: టెక్సస్‌లో ఉంటున్నాం. నాకు ఉద్యోగం, మా ఆవిడది డిపెండెంట్ వీసా (హెచ్4), వర్క్ పర్మిట్ ఇంకా రాలేదు. బాబు కిండర్‌గార్టెన్. ఆఫ్టర్ స్కూల్, వారాంతం తెలుగు బడి, ఈత. వీటిని నా ఆఫీసులోని డిపెండెంట్ కేర్ ఎఫ్ఎస్ఏలో (పిల్లల సంరక్షణ ఖర్చుకు జీతంలోంచి పన్ను లేకుండా పక్కన పెట్టుకునే ఖాతా) పెట్టుకోవచ్చా?
– ఓ పాఠకుడు, ఫ్రిస్కో

జవాబు: ప్రస్తుతం పెట్టుకోలేరు. భార్యాభర్తలిద్దరూ పనిచేస్తుంటేనో, పని వెతుక్కుంటుంటేనో, ఒకరు పూర్తికాలం విద్యార్థి అయితేనో, తనను తాను చూసుకోలేని అనారోగ్యంలో ఉంటేనో ఈ సదుపాయం. హెచ్4 మీద ఇంట్లో ఉంటే ఈ లెక్కలోకి రాదు. ఆవిడ పూర్తికాలం చదువుతో కాలేజీలో చేరినా, వర్క్ పర్మిట్ వచ్చి ఉద్యోగంలో చేరినా అప్పటి నుంచి అర్హులే. ఇలాంటి మార్పు జరిగిన వెంటనే హెచ్ఆర్‌కు చెప్పండి, నెల గడువే ఇస్తారు చాలా చోట్ల.

అప్పుడైనా అన్నీ రావు. పదమూడేళ్లలోపు పిల్లల్ని మీరు పనిలో ఉన్న వేళ చూసుకునే ఆఫ్టర్ స్కూల్, సెలవుల్లో పగటి క్యాంప్ లెక్కలోకి వస్తాయి. రాత్రి ఉండిపోయే క్యాంప్, ట్యూషన్, తెలుగు బడి, ఈత పాఠాలు రావు, వాటి ఉద్దేశం నేర్పడమే కాబట్టి. కుటుంబానికి ఏడాదికి 5,000 డాలర్లుగా ఉన్న పరిమితి 2026 నుంచి 7,500 అయింది, ఆఫీసు తన ప్లాన్‌ను మార్చుకుని ఉంటేనే. వాడని డబ్బు మిగిలితే పోయినట్టే కాబట్టి తక్కువ అంచనాతో మొదలుపెట్టండి. చూసుకునేవాళ్ల ట్యాక్స్ ఐడీ మొదటి నెలే తీసుకోండి. నగదు తీసుకుని ఇంట్లో చూసుకునేవాళ్లు సాధారణంగా అది ఇవ్వరు.

ప్రశ్న: మనవడిని నేను చూసుకుంటానంటే కోడలు డేకేర్ అంటోంది. నాకు అరవై రెండు. పిల్లాడికి నాలుగు. నేనుండగా డేకేర్ దేనికి?
– ఓ నాయనమ్మ, అనకాపల్లి

జవాబు: అమ్మా, మీ ప్రేమ మీద మీ కోడలికి అనుమానం ఉండదు. నాలుగేళ్ల పిల్లాడికి రోజులో మూడు గంటల కదలిక కావాలి, అందులో ఒక గంట పరుగులు, దూకుళ్లు. మీ మోకాళ్లు దానికి సరేనంటాయా? సోఫా మీద మీరూ వాడూ, ఎదురుగా టీవీ అయితే కోడలు చెప్పిందే నయం. టీవీ, ఫోన్ కలిపి వాడికి రోజుకు గంటకు మించకూడదు.

మధ్యేమార్గం ఉంది. బడి వదిలాక వారానికి మూడు పూటలు డేకేర్, మిగతా రోజులు మీ దగ్గర. మీ దగ్గరున్న రోజున బడి నుంచి రాగానే అన్నం, గంట నిద్ర (రెండు గంటలు పడుకోనిస్తే రాత్రి పదకొండు దాకా ఆడతాడు, తిట్లు మీకు), అయిదింటికి వీధిలోనో పార్కులోనో ఇంకో ఇద్దరు పిల్లలతో గంట ఆట. వాణ్ని పరిగెత్తించడానికి పక్కింటి పదో తరగతి పిల్లో, పిల్లాడో వచ్చేలా మాట్లాడుకోండి. మీరు బల్ల మీద కూర్చుని చూస్తే చాలు. మీ బీపీ మాత్రలు వాడికి అందని అరలో పెట్టి తాళం వేయండి. అబ్బాయి, కోడలు, దగ్గరి ఆస్పత్రి నంబర్లు, 108 పెద్ద అక్షరాలతో ఫ్రిజ్ మీద అంటించండి. బడి నుంచి మీరే తీసుకొస్తారు కాబట్టి మీ ఫొటో, పేరు బడిలో ఇచ్చి రమ్మని కోడలికి చెప్పండి. కొత్త ఆయా ఉన్న రోజు అది లేక గేటు దగ్గరే నిలబెట్టేస్తారు.